మంచుకొండల సరస్సుల్లో ట్రౌట్: ముప్పై అడుగులు చాలు

గుంటూరు తమ్ముడొకాయన అడిగిన ప్రశ్నలకి ఇది జవాబు. ఆయన కృష్ణలో, కొమ్మమూరు కాలువలో స్పిన్నింగ్ రాడ్‌తో గాలం వేస్తాడు. కొర్రమీను, వాలుగ బాగానే పడుతున్నాయట. వచ్చే ఆగస్టులో స్నేహితులతో కలిసి కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కి వెళ్తున్నాడు. అక్కడి సరస్సుల్లో ఫ్లై, అంటే పురుగులా కనబడేలా కట్టిన బరువులేని గాలం, వేసి ట్రౌట్ అనే చల్లనీటి చేపని పట్టాలని కోరిక. "కొండ సరస్సులో ఎనభై అడుగులు విసరగలిగినవాడికే చేప అంటున్నారు, ఫ్లైతో నాకు ముప్పై దాటడం లేదు, ఏ రాడ్ కొంటే దూరం పోతుంది?" అన్నది మొదటి ప్రశ్న. ఏ ఫ్లైలు తీసుకెళ్లాలి అన్నది రెండోది. మన లంబసింగిలో ట్రౌట్ పెంచలేమా అన్నది మూడోది.

ఉండేది విజయవాడలోనే అయినా వీలు దొరికినప్పుడల్లా కాశ్మీరు, కులు వైపు వెళ్లి ఏళ్ల తరబడి ఫ్లై వేస్తున్నవాడిగా చెబుతున్నానండీ, ముప్పై అడుగులు చాలు. ఆ ముప్పై చప్పుడు లేకుండా, అనుకున్నచోట పడేలా వస్తే మీకు ఇంక కొత్త రాడ్‌తో పనిలేదు. ఆ డబ్బు దాచుకుని మోకాళ్ల మీద కూర్చుని విసరడం అలవాటు చేసుకోండి. నవ్వులాటకి అనడం లేదు, లెక్కతో సహా కింద చెబుతాను.

మన కృష్ణ సంగతి మీకు తెలిసిందే. బ్యారేజీ ఎగువన నీళ్లు లోతు, పైగా మట్టి రంగు. చేప ఎక్కడుందో కంటికి ఆనదు. అందుకే సీసం గుండు కట్టి వీలైనంత దూరం విసురుతాం, ఎర వాసనకో కదలికకో చేపే వెతుక్కుంటూ వస్తుంది. ఆ నీళ్లలో దూరం విసిరినవాడికి నిజంగానే లాభం ఉంది. కొండ సరస్సు తీరు అది కాదు. ఒకప్పటి హిమానీనదం తొలిచిన గుంట అది. ఒడ్డు వెంబడి కొన్ని గజాల వెడల్పున రాళ్లూ ఇసుకా ఉన్న మెరక ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా నీలంగా లోతు. మెరక మీద ఎండ అడుగుదాకా తగులుతుంది కాబట్టి నాచు అక్కడే పుడుతుంది, నాచు తినే పురుగులు అక్కడే బతుకుతాయి. నడిమధ్య నీళ్లు ఫొటోకి బాగుంటాయి గానీ అక్కడ తిండి తక్కువ.

ఏట్లో ట్రౌట్ ఒక రాయి వెనక నిలబడి ప్రవాహం మోసుకొచ్చింది తింటుంది. సరస్సులో మోసుకొచ్చే ప్రవాహం లేదు. కాబట్టి చేపే తిరగాలి. మెరక మీద, మెరక అంచున, ఒడ్డుకి రెండు మూడు గజాల్లో కూడా అది గస్తీ తిరుగుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం అయితే వీపు మునిగీ మునగనంత నీళ్లలోకి వస్తుంది. మీరు ట్రెక్ ఉత్సాహంలో గబగబా దిగి, బూట్లతో నీటి అంచున నిలబడి, ఎనభై అడుగులు విసిరారనుకోండి. చేపలున్నచోట మీ కాళ్లున్నాయి, మీ ఫ్లై ఏమో చేపల్లేని చోటికి పోయింది. నీళ్లలోకి దిగి విసరడం ఇంకా అన్యాయం. ఆ నీళ్లు ఎముకలు కొరికేస్తాయన్నది ఒక్కటే కాదు, మీరు తొక్కుతున్నది వాటి తిండి బల్లని.

అందుకని సరస్సు కనబడగానే రాడ్ విప్పకండి. నీటికి ముప్పై అడుగుల ఇవతలే ఆగి, బండ పక్కనో గట్టు మీదో కూర్చుని ఓ ఇరవై నిమిషాలు ఊరికే చూడండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి, నన్నడిగితే రాడ్ కంటే ముందు కొనాల్సింది అవే. నీటి మీది మెరుపు పోయి అడుగు రాళ్లు తేటగా కనబడతాయి. సూర్యుడు మీ వెనకాలో పక్కనో ఉంటే మంచిది, కానీ మీ నీడ నీళ్ల మీద పడకూడదు. మొదట్లో మీకు చేప కనబడదు. బ్రౌన్ ట్రౌట్ వీపు అడుగు రాళ్లలో కలిసిపోయే రంగు. అది దాచుకోలేనిది నీడ ఒక్కటే. రాళ్ల మీద నల్లగా ఏదో కదులుతున్నట్టు అనిపిస్తే దానికి కాస్త పైన చూడండి, చేప ఉంటుంది. ఒకసారి కన్ను అలవాటు పడ్డాక అప్పటిదాకా ఖాళీ అనుకున్న చోటే మరో రెండు కనబడతాయి.

కనబడ్డాక కూడా తొందర వద్దు. దాని దారి చూడండి. చాలా చేపలు ఒక తిరుగుడు పెట్టుకుని ఉంటాయి. వాగు వచ్చి కలిసే చోట మొదలై ఒడ్డు వెంబడి ఓ పెద్ద బండ దాకా వస్తాయి, అక్కడ లోతులోకి మళ్లుతాయి, కొన్ని నిమిషాలకి మళ్లీ వాగు దగ్గర తేలతాయి. వాచీ చూసుకుని ఆ సమయం గుర్తుపెట్టుకోండి. చేప దూరంగా ఉన్నప్పుడు ఫ్లై దాని దారిలో వేసేసి, లైన్ కుదురుకున్నాక, అది వచ్చేదాకా చేతులు కదపకుండా కూర్చోండి. ఇదే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. కదులుతున్న చేపకి వేయాల్సి వస్తే అది పోతున్న దిక్కున ఆరు నుంచి పది అడుగుల ముందు పడాలి. నెత్తిన పడితే పారిపోతుంది, తోక వెనక పడితే దానికి తెలియనే తెలియదు.

ఇప్పుడు మోకాళ్ల లెక్క. వెలుగు నీటిలోకి వెళ్లేటప్పుడు వంగుతుంది కాబట్టి చేపకి పై లోకమంతా సుమారు 97 డిగ్రీల కోణంలో, ఒక గుండ్రటి కిటికీలోంచి కనబడుతుంది. కిటికీ బయట నీటి పైభాగం దానికి అద్దం, అందులో సరస్సు అడుగే కనబడుతుంది. ఒక్క అడుగు లోతులో ఉన్న చేపకి ఆ కిటికీ వ్యాసం రెండుంపావు అడుగులు, మూడు అడుగుల లోతులో ఉంటే దాదాపు ఏడడుగులు. పైకి తేలి తిరుగుతున్న చేపకి ఫ్లై దాని దారిలోనే ఎందుకు పడాలో దీన్నిబట్టి తెలుస్తుంది, పక్కకి రెండడుగులు తప్పితే అది కిటికీలోకే రాదు. మనకి పనికొచ్చేది ఇంకొకటి ఉంది. నీటిమట్టానికి పది డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నవన్నీ ఆ కిటికీ అంచున నలిగిపోయి చేపకి దాదాపు ఆనవు. అయిదున్నర అడుగుల మనిషి నిలబడి ఆ పది డిగ్రీల్లో ఇమడాలంటే చేపకి ముప్పై అడుగుల పైన దూరంలో ఉండాలి. మోకాళ్ల మీద కూర్చుంటే మీ ఎత్తు మూడున్నర అడుగులు, ఇరవై అడుగుల దూరం సరిపోతుంది. కొత్త రాడ్ ఇవ్వలేని పదడుగులు మోకాళ్లు ఇస్తున్నాయి. ఎరుపు, పసుపు ట్రెక్కింగ్ జాకెట్లు మాత్రం ఆ కాసేపు తీసి పక్కన పెట్టండి.

నిలకడ నీటిలో ట్రౌట్ ఫ్లైని అందుకోవడం చాలా నెమ్మదిగా ఉంటుంది. వస్తుంది, చూస్తుంది, నోరు తెరిస్తే లోపలి తెలుపు తళుక్కుమంటుంది. నూటికి తొంభై మంది ఆ తళుకు చూడగానే లాగేస్తారు, ఫ్లై నోట్లోంచి ఊడి వస్తుంది. అది నోరు మూసి తల కిందికి దించాక రాడ్ ఎత్తాలి. కప్పని ఎరగా కట్టి కొర్రమీను పట్టేవాళ్లకి ఈ ఓర్పు కొత్త కాదు. అసలు కాలువ గట్టున తూటికాడల మధ్య కప్పని నీటి మీద తాటిస్తూ ఆడించే మన పాత పద్ధతి వచ్చినవాడికి ఫ్లైలో సగం వచ్చినట్టే. ఇలా అంటే ఇంగ్లీషు పద్ధతి నేర్చుకున్నవాళ్లు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

ఫ్లైల దగ్గరికొద్దాం. ఇంటర్నెట్‌లో చూసి వంద రకాల పెట్టె కొనకండి. ఆ ఎత్తున ట్రౌట్ కడుపు నింపేవి ఎక్కువగా కుట్టని దోమలు, కైరోనోమిడ్‌లు అంటారు. వాటి లార్వాలు అడుగు బురదలో పెరిగి, ప్యూపాలుగా మారి నెమ్మదిగా పైకి తేలతాయి, రెక్కలు విప్పుకునేదాకా నీటి పైపొర కింద వేలాడతాయి. జీలకర్ర గింజంత ఉంటాయి, అయినా వేలల్లో ఉంటాయి కాబట్టి చేప నోరు తెరుచుకుని పోతే చాలు. వాటిలా కట్టిన ఫ్లైలు నల్ల బజర్, జీబ్రా మిడ్జ్ అని దొరుకుతాయి, 16, 18 నంబరు గాలాలవి. గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని మీకు చెప్పనక్కర్లేదు. వాటితోపాటు 14, 16 నంబర్లలో ఫెజెంట్ టెయిల్ నింఫ్, నింఫ్ అంటే నీటి పురుగు పిల్లలా కట్టిన ఫ్లై. పైన తేలేవాటిలో ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్ 14లో. నల్ల బీటిల్, చీమ తప్పకుండా పెట్టుకోండి, చెప్తాను ఎందుకో. గాలి బాగా వీచి నీళ్లు గరుకెక్కినప్పుడు లాగడానికి ఆలివ్ రంగు వూలీ బగ్గర్, 10 నంబరు. ఒక్కో రకం ఆరేసి ఉంటే ట్రెక్ మొత్తానికి సరిపోతాయి.

చిన్న ప్యూపా ఫ్లైని ఎలా లాగాలి అని అందరూ అడుగుతారు. లాగకూడదు. వేసి వదిలేయండి. చేప మూడు నాలుగు అడుగుల దగ్గరికి వచ్చినప్పుడు రాడ్ కొన ఒక్క అంగుళం ఎత్తండి, ఫ్లై అడుగునుంచి పైకి లేస్తున్న పురుగులా కదులుతుంది. అంతే. ఎప్పుడూ లాగుతూ ఉండాల్సిన స్పిన్నర్ ఎరకి అలవాటైన చేతికి ఏమీ చేయకుండా ఉండడమే కష్టం.

చీమా బీటిలూ ఎందుకంటే, గాలి వల్ల. ఆ లోయల్లో తెల్లవారుజామున నీళ్లు నిశ్చలంగా ఉంటాయి. పొద్దెక్కి కొండవాలు వేడెక్కే కొద్దీ గాలి కిందినుంచి లోయ పైకి వీస్తుంది, పచ్చిక మైదానాల మీది చీమలు, బీటిళ్లు, మిడతలను తెచ్చి నీళ్లలో పడేస్తుంది. అవి కొట్టుకుపోయి గాలి తాకే ఒడ్డుకి చేరతాయి. మధ్యాహ్నం పూట చేపలూ అక్కడికే చేరతాయి. మనుషులు మాత్రం గాలి మొహాన కొడుతోందని, విసరడం కష్టమని అవతలి ఒడ్డుకి పోతారు. మీరు అలా పోకండి. గాలికి ఎదురుగా మీ లైన్ ఇరవై అడుగులే పోతుంది, పోనివ్వండి, చేపలు ఆ ఇరవైలోనే ఉన్నాయి. పైగా చిన్న అలలు మిమ్మల్ని కూడా దాచిపెడతాయి. వాన పడి వెలిసాక రెక్కల చీమలు లేస్తే, ఆ గంట ఇంకే ఫ్లై మార్చకండి.

వాగు కలిసే చోటు, వాగు బయటికి పోయే చోటు, ఈ రెండూ ఎప్పుడూ చూడాల్సినవే. వాగు చల్లటి నీళ్లనీ తిండినీ తెస్తుంది. పైగా ట్రౌట్ గుడ్లు పెట్టేది పారే నీటి కింది గులకరాళ్లలో కాబట్టి సరస్సులో చేప జాతి నిలబడడమే ఆ వాగుల వల్ల.

ఇక విసరడం. స్పిన్నింగ్‌లో బరువు లూర్‌లో, అంటే కృత్రిమ ఎరలో ఉంటుంది, లూర్ ముందు పోతుంటే లైన్ వెనక పోతుంది. ఫ్లైకి బరువే లేదు. ఇక్కడ బరువంతా లైన్‌లో ఉంది. ఫ్లై లైన్లకి బరువుని బట్టి నంబర్లుంటాయి, 5 నంబరు లైన్ మొదటి ముప్పై అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతుంది. మీరు విసిరేది ఆ తొమ్మిది గ్రాములనే, ఫ్లై దాని చివర వెళ్లే ప్రయాణికుడు. కాబట్టి లైన్ వెనక్కి పూర్తిగా సాగిందాకా ఆగాలి, సాగాక ముందుకు తోయాలి. వెనక్కి ఒంటి గంట దగ్గర ఆపడం, ముందు పది దగ్గర ఆపడం అని గడియారం చెప్పి నేర్పుతారు. దాంట్లో అసలు సంగతి ఆపడమే. రాడ్ ఠక్కున ఆగితేనే లైన్ బిగువుగా తిరుగుతుంది. బలం పెట్టి రాడ్‌ని వెనక నేలదాకా తీసుకెళ్లేవాడికి ముప్పై అడుగులు ఎప్పటికీ దాటవు. మీకు దాటకపోవడానికి కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే అయి ఉంటుంది. ఎవరితోనైనా ఫోన్‌లో వీడియో తీయించుకుని చూసుకోండి.

సాధన నీళ్ల దగ్గరే చేయాలని లేదు. మీ ఊళ్లో ఏ స్కూలు గ్రౌండైనా పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. గాలం బదులు చిన్న ఉన్ని ముక్క కట్టండి. ముప్పై అడుగుల దూరంలో పళ్లెం ఒకటి పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పళ్లెంలో ఉన్ని చప్పుడు లేకుండా వాలేదాకా వేయండి. తల పైన కరెంటు తీగలున్నాయేమో ముందు చూసుకోండి, మన కాలువ గట్ల మీద ఇది మరీ ముఖ్యం, కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది. చేయి కుదిరాక సాయంత్రం పూట కొమ్మమూరు కాలువలో పైకి తేలి పురుగులు తినే పరిగెల మీద 18 నంబరు ఫ్లై వేసి చూడండి. చెరువుల్లో తిలాపియా కూడా నింఫ్ బాగానే తీసుకుంటుంది. ట్రౌట్‌కి పనికొచ్చే చేతివాటం అంతా గుంటూరు జిల్లాలోనే వస్తుంది.

సరంజామా గురించి రెండు ముక్కలు. తొమ్మిదడుగుల 5 నంబరు రాడ్, నాలుగు ముక్కలుగా విడిపోయేది, బ్యాక్‌ప్యాక్ పక్కన కట్టుకోవడానికి. తేలే లైన్ ఒక్కటే చాలు. రీల్ మీద డబ్బు తగలెయ్యొద్దు, ఈ పనిలో అది లైన్ చుట్టుకునే డబ్బా, అంతే. మీ దగ్గర మిగిలిన డబ్బు లైన్ మీద పెట్టండి, చౌక లైన్ చలికి చుట్టలు చుట్టలుగా బిగుసుకుంటుంది. లైన్ చివర కట్టే సన్నటి దారాన్ని లీడర్ అంటారు, తొమ్మిదడుగుల లీడర్‌కి టిప్పెట్ అనే ఇంకా సన్నటి దారం మరో మూడడుగులు కలపండి, 5ఎక్స్ అన్నది, అంటే మందం 0.15 మిల్లీమీటర్లు. గాలి రోజున కాస్త లావైన 4ఎక్స్. ముడులు అక్కడ చల్లటి వేళ్లతో వేయాలి కాబట్టి ఇక్కడ చీకట్లో వేయగలిగేదాకా అలవాటు చేసుకోండి.

ట్రెక్ సంగతికొస్తే, సోనమార్గ్ దగ్గర మొదలై విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్ సరస్సుల మీదుగా హర్ముఖ్ శిఖరం కింద ఉన్న గంగాబల్, నుంద్‌కోల్ చూసి నారానాగ్ దగ్గర దిగుతారు. విషన్‌సర్, గంగాబల్ పేర్లు ట్రౌట్ కోసం వెళ్లేవాళ్లు ఎక్కువగా చెప్పుకునేవి. విషన్‌సర్ నుంచి పుట్టేదే కిషన్‌గంగ నది. మీకు నా సలహా, ట్రెక్ బృందం ఎక్కడ ఒక రోజు ఎక్కువ ఆగుతుందో ముందే అడిగి ఆ రోజే రాడ్ విప్పండి. నడిచి అలిసిపోయిన సాయంత్రం చేప కోసం ఇంకో గంట తిరగాలనుకోకండి. విషన్‌సర్ ఎత్తు దాదాపు 3,700 మీటర్లు, దారిలో కనుమలు 4,000 దాటతాయి. మనం నలభై మీటర్ల ఎత్తు కూడా లేని ఊళ్లనుంచి పోతున్నాం. సోనమార్గ్‌లో కనీసం ఒక రోజు ఆగి పైకి కదలండి. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం వస్తే ఎక్కడం ఆపాలి, ఎక్కువైతే దిగిపోవాలి. ఎత్తు జబ్బుకి ఇచ్చే డయామాక్స్ లాంటి మందు వాడాలా వద్దా అన్నది మీ డాక్టరు చెప్పాలి, నేను కాదు.

కాశ్మీరు మత్స్యశాఖ పర్మిట్ లేకుండా గాలం వేయకూడదు. శ్రీనగర్‌లోనే తీసుకుని ఎక్కండి, పైన అడిగేవాళ్లు ఉంటారు, ఇచ్చేవాళ్లు ఉండరు. ట్రౌట్ సీజను మామూలుగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, కానీ ఎత్తు సరస్సుల మీద మంచు జూన్ చివరికో జూలైకో గానీ కరగదు కాబట్టి మీ ఆగస్టు సరైన నెల. రోజుకి ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, కనీస సైజు ఎంత, ఏ నీటికి ఆ పర్మిట్ చెల్లుతుంది అని ఆఫీసులోనే అడిగి రాయించుకోండి. ట్రెక్ దారి ఆ ఏడు తెరిచారో లేదో కూడా డబ్బు కట్టే ముందే కనుక్కోండి.

ఈ చేప అక్కడిది కాదన్నది కూడా తెలిసి వెళ్లడం మంచిది. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ డ్యూక్ పంపించిన గుడ్లు 1899లో దారిలోనే పాడైపోయాయి, మరుసటి ఏడు పంపినవి బతికాయి. ఫ్రాంక్ మిచెల్ అనే ఆయన వాటిని పెంచాడు, శ్రీనగర్ దగ్గర హర్వాన్‌లో గుడ్లు పొదిగించే హేచరీ వచ్చింది, అక్కడినుంచి లోయలన్నిటికీ పాకింది. అంతకుముందు ఆ నీళ్లు స్నో ట్రౌట్‌వి. పేరులో ట్రౌట్ ఉన్నా అది మన బొచ్చె, శీలావతి కుటుంబానిదే. వచ్చిన చేప ఉన్న చేప పిల్లల్ని తింటుంది, తిండికి పోటీ వస్తుంది. అందుకని నేను బ్రౌన్ ట్రౌట్‌ని దేవుడి చేపలా చూడను. చేపల్లేని సరస్సులో వదిలిపెడదామనే ఆలోచన ఎవరికి వచ్చినా ఒప్పుకోను.

అలాగని కనబడ్డ ప్రతిదాన్నీ చంపమనడం లేదు. ఏడాదిలో నాలుగు నెలలే తిండి దొరికే చోట చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది, జానెడు చేపకి కూడా కొన్నేళ్ల వయసుంటుంది. గాలం ముల్లుని శ్రావణంతో నొక్కి చదును చేసేయండి. వదలబోయే చేపని పొడి చేత్తో ముట్టుకోకండి, దాని ఒంటి జిగట ఊడిపోతుంది. వీలైతే నీటిలోనే ఉంచి గాలం తీయండి. ఫొటో కావాలంటే ఫోన్ సిద్ధంగా ఉన్నాకే ఎత్తండి, పది సెకన్లు మించొద్దు. పర్మిట్ ఒప్పుకుంటే ఒకటి రెండు తినడానికి ఉంచుకోండి, తప్పేం లేదు. పొలుసు సన్నం, తీయాల్సిన పనిలేదు. ఉప్పు, కాస్త పసుపు, నూనె, అంతే. మీ గుంటూరు కారం దాని మీద పోస్తే మిగిలేది కారమే. పులుసు పెట్టాలని సరదాగా ఉంటే కాశ్మీరులోనే కోకర్‌నాగ్‌లో పెంచే ఫారం ట్రౌట్ కొనుక్కుని, కిందికి దిగాక పెట్టండి.

లంబసింగి ప్రశ్నకి జవాబు కాస్త పొడుగు. ఎత్తు కొండల నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి ట్రౌట్ అక్కడ బతుకుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. సముద్రమట్టంలో 10 డిగ్రీల నీరు లీటరుకి 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల నీరు 7.6. విషన్‌సర్ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులకి కాస్త తక్కువ కాబట్టి, అక్కడ 10 డిగ్రీల నీటిలో ఇమిడేది 7.2 దగ్గర. అంటే దాదాపు వేసవిలో మన కృష్ణ నీటిలో ఉండగలిగినంతే. తేడా చేప ఒంట్లో ఉంది. నీరు వేడెక్కితే దాని ఒళ్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. ట్రౌట్‌కి హాయి 10 నుంచి 16 డిగ్రీలు, 20 దాటితే రొప్పుతుంది, తిండి మానేస్తుంది, ఇంకా పెరిగితే చస్తుంది. గుడ్లు పొదగడానికి ఇంకా చల్లదనం కావాలి, అదీ వారాల తరబడి.

లంబసింగి పేరు డిసెంబరు తెల్లవారుజాము చలికి వచ్చింది. ట్రౌట్ ఉండాలా వద్దా అన్నది మాత్రం మే నెల మధ్యాహ్నం తేలుస్తుంది. వెయ్యి మీటర్ల ఎత్తున, మన అక్షాంశంలో, వేసవిలో వాగు నీళ్లు 20 లోపు నిలవవు. దక్షిణాదిలో ట్రౌట్ నిలబడింది 2,000 మీటర్లకి అటూ ఇటూ ఉన్న నీలగిరుల్లో, మున్నార్ పైన. నీలగిరుల్లో 20వ శతాబ్దం మొదటి పదేళ్లలో విల్సన్ అనే మత్స్య నిపుణుడు రెయిన్‌బో ట్రౌట్ దించాడు, అవలాంచి దగ్గర హేచరీ పెట్టారు. మన తూర్పు కనుమల్లో అంత ఎత్తు లేదు. ఊటీ వైపు వెళ్లి గాలం వేద్దామనుకునేరు, ముకుర్తి లాంటి రక్షిత ప్రాంతాల్లో వేయనివ్వరు, తమిళనాడు మత్స్యశాఖని అడగకుండా రాడ్ మోసుకుపోకండి.

ప్రయాణానికి రైలు ఉంది, విజయవాడ మీదుగా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్ కట్రా దాకా తీసుకెళ్తుంది. 2025 జూన్ నుంచి కట్రాలో వందే భారత్ ఎక్కి శ్రీనగర్ చేరొచ్చు. విమానంలో అయితే ఫ్లైల పెట్టె, శ్రావణం, కత్తెర చెక్-ఇన్ బ్యాగులో వేయండి, చేతి సంచిలో ఉంటే గాలాలన్నీ సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు. రాడ్ గొట్టం మీద పేరు, ఫోన్ నంబరు రాసి ఉంచండి.